ఈ సంగతి ఎన్ని ఫైళ్లకి తెలుసు? సాఫ్ట్‌వేర్ డిజైన్ మీద పిల్లలు అడిగే ప్రశ్నలు

డిజైన్ పాఠం చెప్పేవాళ్లకి ఏటా వినిపించే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. "ఈ ప్రాజెక్టుకి ఎన్ని క్లాసులు రాయాలి సార్?" "ఇంటర్‌ఫేస్ వెనక ఒకే ఒక్క క్లాస్ ఉంటే ఇక ఇంటర్‌ఫేస్ దేనికి?" "ఇన్‌హెరిటెన్స్ వాడమని సిలబస్‌లో ఉంది, వాడొద్దని నెట్‌లో ఉంది, ఎవరి మాట వినాలి?" "ఒకే కోడ్ రెండు చోట్ల ఉంటే తప్పేంటి, పని చేస్తోంది కదా?"

(క్లాస్ అంటే కొంత డేటానీ, దాని మీద పనిచేసే మెథడ్లనీ ఒక చోట పెట్టిన కోడ్. ఇంటర్‌ఫేస్ ఏ పనులు చేయొచ్చో చెబుతుంది, ఎలా చేయాలో చెప్పదు. ఇన్‌హెరిటెన్స్ అంటే ఒక క్లాస్‌లో ఉన్నవి ఇంకో క్లాస్‌కి సంక్రమించడం.) పైకి ఇవి వేర్వేరు ప్రశ్నలు. జవాబులు కూడా వేర్వేరుగానే ఇస్తుంటాం. కప్లింగ్ (భాగాలు ఒకదాని మీద ఒకటి ఆధారపడటం) తగ్గాలంటాం, కొహీషన్ (ఒక భాగంలోని సంగతులు ఒకే పనికి చెందడం) పెరగాలంటాం, ఎన్‌క్యాప్సులేషన్ (లోపలి వివరాలు దాచడం) పాటించమంటాం. పిల్లలు ఈ మాటలు బాగానే గుర్తుపెట్టుకుని వైవాలో గడగడా అప్పజెబుతారు. తర్వాత ఖాళీ ఎడిటర్ ముందు కూర్చుంటే మొదట ఏ క్లాస్ రాయాలో తోచదు. అది వాళ్ల తెలివికి సంబంధించిన లోపం కాదు. ఆ నిర్వచనాలు మంచి డిజైన్ చూడ్డానికి ఎలా ఉంటుందో చెబుతాయి గానీ, అక్కడికి దారి చూపించవు.

నా మటుకు నాకు ఈ ప్రశ్నలన్నిటి వెనకా ఉన్నది ఒకటే ప్రశ్న. ఈ ప్రోగ్రాంలో నేను తీసుకున్న నిర్ణయాల్లో ఏది రేపు మారొచ్చు? అది మారితే ఎన్ని ఫైళ్లు తెరవాలి?

వరసని బట్టి విడదీస్తే

ఈ ఆలోచనకి యాభై ఏళ్లు దాటాయి. కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ పార్నస్ 1972 డిసెంబరులో ఏసీఎం అనే కంప్యూటర్ నిపుణుల సంఘం పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. ప్రోగ్రాంని మాడ్యూళ్లుగా, అంటే విడి భాగాలుగా, ఏ ప్రాతిపదికన విడదీయాలన్నదే అందులో విషయం. ఆయన తీసుకున్న ఉదాహరణ క్విక్ (KWIC, కీ వర్డ్ ఇన్ కాంటెక్స్ట్) ఇండెక్స్. కొన్ని వాక్యాలు ఇస్తారు. ప్రతి వాక్యంలోనూ మొదటి పదాన్ని తీసి చివర పెడుతూ పోవాలి. అలా వచ్చిన వాక్యాలన్నిటినీ అకారాది క్రమంలో అచ్చువేయాలి. "సాఫ్ట్‌వేర్ డిజైన్ పాఠాలు" అని ఇస్తే, "డిజైన్ పాఠాలు సాఫ్ట్‌వేర్" అన్నదీ "పాఠాలు సాఫ్ట్‌వేర్ డిజైన్" అన్నదీ కూడా జాబితాలో చేరతాయి. ఏ పదంతో వెతికినా ఆ వాక్యం దొరకాలన్నది ఉద్దేశం.

ఈ లెక్క ఏ విద్యార్థికి ఇచ్చినా దాదాపు ఒకేలా విడదీస్తారు. ఇన్‌పుట్ చదివే మాడ్యూల్ ఒకటి, తిప్పే మాడ్యూల్ ఒకటి, క్రమంలో పెట్టేది ఒకటి, అచ్చువేసేది ఒకటి, వీటన్నిటినీ వరసగా పిలిచేది మరొకటి. ఫ్లోచార్టులో ఉన్న ఒక్కో డబ్బా ఒక్కో మాడ్యూల్ అయిపోతుంది. పార్నస్ కూడా మొదట ఇలాగే విడదీసి చూపించారు. అది పని చేస్తుంది కూడా.

అప్పుడు ఆయన మారడానికి వీలున్న సంగతుల జాబితా ఒకటి ముందు పెట్టారు. ఇన్‌పుట్ ఫార్మాట్ మారితే? వాక్యాలన్నీ మెమరీలో పట్టవని తేలితే? స్థలం కలిసొస్తుందని ఒక్కో మెషీన్ వర్డ్‌లో నాలుగేసి అక్షరాలు సర్దారు, అది వద్దనుకుంటే? తిప్పిన వాక్యాలని పూర్తిగా రాసిపెట్టే బదులు, ఏ పదం దగ్గర మొదలవుతుందో గుర్తు మాత్రమే పెట్టుకుందామనుకుంటే?

ఇన్‌పుట్ ఫార్మాట్ మారితే చదివే మాడ్యూల్ ఒక్కటీ మారిస్తే చాలు. కానీ మెమరీలో అక్షరాలు పేర్చే పద్ధతి మారిందా, అన్ని మాడ్యూళ్లూ తిరగరాయాల్సిందే. చదివేదీ, తిప్పేదీ, క్రమంలో పెట్టేదీ, అచ్చువేసేదీ అన్నీ ఆ మెమరీలోకి నేరుగా తొంగి చూస్తున్నాయి మరి.

పార్నస్ చూపించిన రెండో విభజనలో వాక్యాలని నిలవుంచడానికే ఒక మాడ్యూల్ ఉంటుంది. ఫలానా వాక్యంలో ఫలానా పదంలో ఫలానా అక్షరం ఇవ్వమంటే ఇస్తుంది. లోపల ఎలా పేర్చుకుందో ఎవరికీ చెప్పదు. పేర్చే పద్ధతి మారితే ఆ ఒక్క మాడ్యూలే మారుతుంది. తిప్పడం కూడా అంతే. తిప్పిన వాక్యాలు నిజంగా రాసిపెట్టి ఉన్నాయో, అడిగినప్పుడు అప్పటికప్పుడు లెక్కగట్టి ఇస్తోందో మిగతావాటికి తెలియదు. మొదటి విభజనలో మాడ్యూల్ అంటే పనిలో ఒక దశ. రెండోదానిలో మాడ్యూల్ అంటే ఒక నిర్ణయాన్ని తన దగ్గరే అట్టిపెట్టుకున్న చోటు.

రెండు ప్రోగ్రాంలూ ఇచ్చే ఫలితం ఒకటే. నడిపి చూస్తే తేడా కనిపించదు, మార్చబోయినప్పుడే బయటపడుతుంది. పిల్లలకి డిజైన్ పాఠం మింగుడుపడకపోవడానికి ఇదే కారణమని నా అనుమానం. వాళ్లు ప్రోగ్రాంని ఒకసారి రాస్తారు, ఒకసారి నడిపి చూపిస్తారు, సబ్మిట్ చేసి మర్చిపోతారు. మేం మార్కులు వేసేది కూడా చాలావరకు అవుట్‌పుట్ చూసే. ఎప్పటికీ మారని ప్రోగ్రాంకి డిజైన్ అక్కర్లేదు. ఆ మాట పిల్లల ముందు ఒప్పుకున్నాకే పాఠం మొదలుపెట్టాలి.

రెండు పద్నాలుగులు

కోడ్ రెండు చోట్ల ఉంటే తప్పేంటన్న ప్రశ్నకి వద్దాం. లైబ్రరీ ప్రాజెక్టు తీసుకోండి, పిల్లలు ఎక్కువగా చేసేది అదే. పుస్తకం 14 రోజుల్లో తిరిగి ఇవ్వాలన్నది నియమం. పుస్తకం ఇచ్చే స్క్రీన్‌లో గడువు తేదీ చూపించడానికి ఇవాళ్టికి 14 కలుపుతారు. గుర్తుచేసే మెయిల్ పంపే ఫంక్షన్‌లో 12వ రోజా అని చూస్తారు. జరిమానా లెక్కలో గడిచిన రోజుల నుంచి 14 తీసేస్తారు. నెలవారీ రిపోర్టు కోసం రాసిన డేటాబేస్ క్వెరీలో మళ్లీ 14 ఉంటుంది.

గడువు 21 రోజులకి పెంచమని అడిగితే విద్యార్థి ఎడిటర్‌లో 14 కోసం వెతుకుతాడు. మూడు చోట్ల దొరుకుతుంది, మారుస్తాడు. మెయిల్ ఫంక్షన్‌లో ఉన్నది 12 కాబట్టి అది వెతుకుడుకి చిక్కదు. సభ్యులకి గడువుకి తొమ్మిది రోజుల ముందే "రెండు రోజుల్లో పుస్తకం ఇచ్చేయండి" అని మెయిల్ వెళ్తుంది. ఆ 12 నిజానికి 14లోంచి 2 తీసేయగా వచ్చిందే. ఒకే నిర్ణయం నాలుగు చోట్ల ఉంది, అందులో ఒక చోట వేషం మార్చుకుని ఉంది.

ఈ దెబ్బ తిన్నాక చురుకైన విద్యార్థి అసలు పాఠం నేర్చుకోకుండా సగం పాఠం నేర్చుకుంటాడు. 14 అన్న అంకె ఎక్కడ కనిపించినా తీసేసి ఒకే కాన్‌స్టెంట్ (పేరు పెట్టిన స్థిర విలువ) కిందికి తెచ్చేస్తాడు. అదే ప్రాజెక్టులో ఇంకో నియమం ఉంది. ఎవరైనా పుస్తకం రిజర్వ్ చేసుకుంటే దాన్ని 14 రోజులు పక్కన పెట్టాలి. అదీ 14, ఇదీ 14, రెండిటికీ ఒకే కాన్‌స్టెంట్. గడువు 21కి పెరగగానే రిజర్వ్ చేసిన పుస్తకాలు కూడా 21 రోజులు ఎవరికీ అందకుండా అలమారాలో ఉండిపోతాయి. దాన్ని ఎవరూ అడగలేదు, ఎవరూ గమనించలేదు కూడా.

అంకె ఒకటే, నిర్ణయాలు రెండు. ఒకటి మారితే రెండోది కూడా తప్పనిసరిగా మారాలా? ఔనంటే అవి ఒకే చోట ఉండాలి, చూడ్డానికి 14, 12 అని వేర్వేరుగా ఉన్నా సరే. కాదంటే విడిగా ఉండాలి, అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉన్నా సరే. కోడ్ రెండుసార్లు రాయకూడదన్న సూత్రాన్ని పిల్లలు పోలికల సూత్రంగా అర్థం చేసుకుంటారు. ఒకే రకం లూప్ రెండు చోట్ల కనిపిస్తే చాలు, ఉమ్మడి ఫంక్షన్ ఒకటి తయారవుతుంది. ఆ తర్వాత ఒక చోట అవసరం మారితే దానికి ఒక బూలియన్ పారామీటర్ (ట్రూ లేదా ఫాల్స్ అని పంపే విలువ) చేరుతుంది, ఇంకో చోట మారితే ఇంకో బూలియన్. చివరికి ట్రూ, ఫాల్స్, ఫాల్స్, ట్రూ అని పిలిచే ఫంక్షన్ ఒకటి మిగులుతుంది. దానికంటే రెండు చోట్ల విడివిడిగా రాసుకున్న లూపులే నయం.

ఒకే నిర్ణయం అందరికీ తెలిసిపోతే ఎంత ఖర్చవుతుందో ప్రపంచమంతా ఒకసారి చూసింది. పాత రోజుల్లో మెమరీ ఖరీదు, పంచ్ కార్డులో ఉండేవి 80 నిలువు వరసలే. అందుకని సంవత్సరాన్ని రెండంకెలతో రాసుకున్నారు. అప్పటికి అది మంచి నిర్ణయమే. చిక్కల్లా అది ఒక చోట ఉండకపోవడమే. ప్రతి ఫైలూ, ప్రతి ప్రోగ్రామూ, ప్రతి రిపోర్టూ సంవత్సరం అంటే రెండంకెలే అని నమ్ముకుని ఉన్నాయి. 2000 దగ్గరపడేసరికి అంకెలు రెండు నుంచి నాలుగు చేయడం పెద్ద పని కాలేదు, అవి ఎక్కడెక్కడ ఉన్నాయో వెతకడమే తల ప్రాణం తోకకి తెచ్చింది.

అలాంటిదే ఇంకోటి ముందుంది. 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లని 32 బిట్ల సైన్డ్ ఇంటీజర్‌లో దాచే పద్ధతి 2038 జనవరి 19న నిండిపోతుంది. టైమ్ అన్న రకం లోపల ఏముందో పట్టించుకోకుండా రాసిన కోడ్‌ని చాలా సందర్భాల్లో 64 బిట్ల మీద మళ్లీ కంపైల్ చేసుకుంటే సరిపోతుంది. దాన్ని మామూలు ఇంటీజర్‌లోకి కాపీ చేసుకున్న కోడ్‌నీ, నాలుగు బైట్లుగా ఫైల్లో రాసేసిన కోడ్‌నీ మాత్రం వెతికి పట్టుకోవాలి.

ప్రైవేట్ అని రాస్తే దాచినట్టేనా?

"ఫీల్డులన్నీ ప్రైవేట్ పెట్టాను, అన్నిటికీ గెటర్లూ సెటర్లూ రాశాను, ఎన్‌క్యాప్సులేషన్ అయిపోయింది కదా?" (ఫీల్డు అంటే క్లాస్ లోపల దాచుకున్న విలువ, గెటర్ దాన్ని చదివి ఇచ్చే మెథడ్, సెటర్ దాన్ని మార్చే మెథడ్.) ఇది ప్రశ్నలా ఉంటుంది గానీ మెచ్చుకోమనే అడుగుతారు. కాలేదని చెప్పడం కష్టంగానే ఉంటుంది.

దీనికి జావాలోని పాత డేట్ క్లాస్ కంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు. అందులో సంవత్సరం అడిగే మెథడ్ ఉంది. అది 1900 తీసేసిన అంకె ఇస్తుంది. 1998కి 98, 2000కి 100. నెలలేమో సున్నా నుంచి మొదలవుతాయి, అంటే జనవరి సున్నా, డిసెంబరు పదకొండు. ఈ లెక్క సీ భాషలో తేదీ దాచుకునే స్ట్రక్చర్ నుంచి వచ్చింది. ఫీల్డు ప్రైవేటే, మెథడ్ గుండానే అడుగుతున్నాం, అయినా లోపలి నిర్ణయం తలుపు సందులోంచి బయటపడిపోయింది. వాడేవాళ్లు 1900 కలపాలని గుర్తుపెట్టుకోవాలి. కొందరు కలపకుండా ముందు 19 అతికించారు. 2000 జనవరిలో కొన్ని వెబ్‌సైట్లు సంవత్సరం 19100 అని చూపించడం వెనక ఉన్నది ఈ రకం లెక్కే. జావాస్క్రిప్ట్‌లోనూ ఇలాంటి మెథడే ఉండేది. జావా 2014లో వచ్చిన 8వ వెర్షన్‌లో తేదీల కోసం మొత్తం కొత్త ప్యాకేజీ తెచ్చుకుంది. పాత క్లాస్ మాత్రం ఇప్పటికీ అక్కడే ఉంది, ఎంతమంది కోడ్ దాని మీద ఆధారపడి ఉందో మరి.

లైబ్రరీ ప్రాజెక్టులో ఇదే కథ చిన్న స్థాయిలో జరుగుతుంది. పుస్తకాల జాబితా ప్రైవేట్‌గా ఉంటుంది. దానికో గెటర్ ఉంటుంది, అది ఆ అర్రేలిస్ట్‌నే (జావాలో జాబితా దాచే క్లాస్) తీసి చేతికిస్తుంది. ఎవడో రిపోర్టు కోసం దాన్ని తీసుకుని, అవసరం లేనివి తీసేసి, మిగిలినవి ప్రింట్ చేస్తాడు. ఆ తీసేసినవి లైబ్రరీలోంచే పోతాయి, ఎందుకంటే వాడి చేతిలో ఉన్నది నకలు కాదు. ప్రైవేట్ అన్న మాట ఫీల్డు పేరుని కాపాడింది, పుస్తకాలని కాపాడలేదు.

గెటర్ రాసే ముందు అవతలివాళ్లకి ఏం కావాలో అడగాలి. గడువు దాటిన పుస్తకాలు కావాలంటే గడువు దాటిన పుస్తకాలు ఇచ్చే మెథడ్ రాయాలి. అవి అర్రేలిస్ట్‌లో ఉన్నాయా, డేటాబేస్‌లో ఉన్నాయా అన్నది అప్పుడు వాళ్లకి పట్టదు.

ఇక ఇంటర్‌ఫేస్ వెనక ఒకే క్లాస్ ఉండటం. నా జవాబు పిల్లలకి కాస్త నిరాశ కలిగిస్తుంది: చాలాసార్లు ఆ ఇంటర్‌ఫేస్ అక్కర్లేదు. బుక్ సర్వీస్ అని ఒక ఇంటర్‌ఫేస్, బుక్ సర్వీస్ ఇంప్ల్ అని దాని కింద ఒక క్లాస్, రెండిట్లోనూ అవే పన్నెండు మెథడ్లు. ఒక మెథడ్‌కి పారామీటర్ చేర్చాలంటే రెండు ఫైళ్లూ మార్చాలి. అక్కడ దాచిందేమీ లేదు, ఉన్నదాన్నే రెండుసార్లు చెప్పారు.

ఇంటర్‌ఫేస్ అక్కరకొచ్చేది మన చేతిలో లేని వస్తువు దగ్గర. గడియారం చూడండి. జరిమానా లెక్క సరిగ్గా ఉందో లేదో పరీక్షించాలంటే "ఇవాళ" అన్నది మన అదుపులో ఉండాలి. లెక్కగట్టే మెథడ్ లోపల నేరుగా సిస్టమ్ టైమ్ అడిగితే, గడువు దాటిన పుస్తకాన్ని పరీక్షించడానికి నిజంగానే రెండు వారాలు ఆగాలి, లేదా కంప్యూటర్ తేదీ మార్చుకోవాలి. ఈ రెండో పని చేసి లాబ్‌లో మిగతా ప్రోగ్రాంలన్నీ తికమక పెట్టినవాళ్లూ ఉన్నారు. ఇందాకటి జావా తేదీల ప్యాకేజీలోనే క్లాక్ అని ఒకటి ఉంది. అసలు గడియారం బదులు, ఫలానా క్షణం దగ్గర ఆగిపోయిన గడియారాన్ని ఇవ్వొచ్చు. అప్పుడు టెస్ట్ ఎప్పుడు నడిపినా ఫలితం ఒకటే. మెయిల్ పంపడం, డేటాబేస్, ఫైళ్లు కూడా ఇలాంటివే. వీటి వెనక అసలుది ఒకటి, పరీక్షకి వాడేది ఒకటి, ఎలాగూ రెండు క్లాసులుంటాయి.

పోలిక ఉంటే చుట్టరికం ఉన్నట్టేనా?

ఇన్‌హెరిటెన్స్‌ని ఆబ్జెక్టులతో సహా ముందు తెచ్చింది నార్వేలో ఓలె యోహాన్ డాల్, క్రిస్టెన్ నిగార్డ్ తయారుచేసిన సిమ్యులా 67. తర్వాత అది పాఠ్యపుస్తకాల్లో "కుక్క ఒక జంతువు" స్థాయికి వచ్చేసింది. పిల్లలు దాన్నే పట్టుకుంటారు. లైబ్రరీ అంటే పుస్తకాల జాబితా కదా, కాబట్టి లైబ్రరీ క్లాస్ అర్రేలిస్ట్‌ని ఎక్స్‌టెండ్ చేస్తుంది, అంటే దాన్నుంచి ఇన్‌హెరిట్ అవుతుంది. యాడ్, రిమూవ్, సైజ్ అన్నీ ఊరికే వచ్చేస్తాయి.

ఊరికే వచ్చినవాటిలో అక్కర్లేనివి కూడా ఉంటాయి. ఇది విద్యార్థులు మాత్రమే చేసే పని కూడా కాదు. 1996లో వచ్చిన జావా మొదటి వెర్షన్‌లోనే స్టాక్ అన్న క్లాస్ వెక్టర్‌ని ఎక్స్‌టెండ్ చేసింది. స్టాక్ అంటే చివర పెట్టిందే ముందు తీయాలి, మధ్యలో చెయ్యి పెట్టకూడదు. జావా స్టాక్‌లో మాత్రం వెక్టర్ నుంచి వచ్చిన మెథడ్‌తో మధ్యలో ఎక్కడ కావాలంటే అక్కడ ఒకటి దూర్చొచ్చు. ప్రాపర్టీస్ అన్న క్లాస్‌దీ అదే తంతు. కీ, వాల్యూ రెండూ స్ట్రింగులే ఉండాల్సిన చోట, అది హ్యాష్‌టేబుల్‌ని ఎక్స్‌టెండ్ చేసింది కాబట్టి ఏ ఆబ్జెక్ట్ అయినా పెట్టేయొచ్చు. ఫైల్లోకి రాయబోయినప్పుడు ఎక్సెప్షన్ వస్తుంది. స్టాక్ బదులు డెక్ వాడమని జావా డాక్యుమెంటేషనే చెబుతుంది.

అంతకంటే లోతైన చిక్కు ఒకటుంది. దీన్ని లాబ్‌లో చేయించి చూపిస్తాను. అర్రేలిస్ట్‌ని ఎక్స్‌టెండ్ చేసి, యాడ్ మెథడ్‌ని ఓవర్‌రైడ్ చేసి (దాని బదులు సొంత వెర్షన్ రాసి), పుస్తకం చేరిన ప్రతిసారీ లాగ్‌లో ఒక లైన్ రాయమంటాను. తర్వాత యాడ్‌ఆల్‌తో మూడు పుస్తకాలు ఒకేసారి చేర్చమంటాను. లాగ్‌లో ఒక్క లైనూ పడదు. అర్రేలిస్ట్ యాడ్‌ఆల్ తన యాడ్‌ని పిలవదు, మొత్తాన్ని ఒకేసారి కాపీ చేసుకుంటుంది. "అయితే యాడ్‌ఆల్ కూడా ఓవర్‌రైడ్ చేస్తాం" అంటారు. చేస్తారు, మూడు లైన్లు పడతాయి. ఇప్పుడు అదే కోడ్‌లో అర్రేలిస్ట్ తీసి హ్యాష్‌సెట్ పెట్టమంటాను. ఆరు లైన్లు పడతాయి! హ్యాష్‌సెట్‌కి యాడ్‌ఆల్ పై క్లాస్ నుంచి వస్తుంది, అది ఒక్కోదానికీ యాడ్‌ని పిలుస్తుంది. యాడ్‌ఆల్‌లో రాసిన మూడూ, యాడ్‌లో రాసిన మూడూ కలిసి ఆరు.

యాడ్‌ఆల్ లోపల యాడ్‌ని పిలుస్తుందా లేదా అన్నది ఆ క్లాస్ రాసినవాళ్ల సొంత నిర్ణయం. మామూలుగా వాడుకునేవాళ్లకి అది తెలియాల్సిన పనే లేదు. ఎక్స్‌టెండ్ చేసేవాళ్లకి మాత్రం తెలిసి తీరాలి. పై క్లాస్ లోపలి నిర్ణయాలు కింది క్లాస్‌కి తెలియకుండా ఇన్‌హెరిటెన్స్ సాగదు. అందుకే అది రెండు క్లాసుల మధ్య అన్నిటికంటే బిగుతైన ముడి. అర్రేలిస్ట్‌ని లోపల ఒక ఫీల్డ్‌గా పెట్టుకుని, కావలసిన నాలుగు మెథడ్లు మాత్రం బయటికి ఇస్తే ఈ తలనొప్పులేవీ ఉండవు. గో, రస్ట్ భాషల్లో క్లాసుల ఇన్‌హెరిటెన్స్ అసలే లేదు, అయినా వాటిలో పెద్ద పెద్ద సిస్టమ్‌లు రాస్తున్నారు.

అయితే ఇన్‌హెరిటెన్స్ ఎప్పుడు వాడొచ్చు? కంప్యూటర్ శాస్త్రవేత్త బార్బరా లిస్కోవ్ 1987లో ఒక సమావేశంలో చెప్పి, 1994లో జానెట్ వింగ్‌తో కలిసి గణితంలా రాసిన సూత్రమే దీనికి గీటురాయి. పై క్లాస్ ఇచ్చిన మాటలన్నీ కింది క్లాస్ నిలబెట్టుకోవాలి. పై క్లాస్ ఆబ్జెక్ట్ అనుకుని రాసిన కోడ్‌కి కింది క్లాస్ ఆబ్జెక్ట్ ఇచ్చినా తేడా రాకూడదు. గమనించాల్సింది ఏమిటంటే, ఇక్కడ చూసేది రూపాన్ని కాదు, మాటని. స్టాక్ మధ్యలో దూర్చనివ్వనంటుంది, వెక్టర్ దూర్చుకోమంటుంది. రెండూ ఒకే ఆబ్జెక్ట్‌లో ఇమడవు.

దాచకూడనివి

ఒకసారి ఒక అమ్మాయి అడిగింది. "అన్నీ దాచేస్తే, దాచినదాంట్లోనే ప్రమాదం ఉంటే ఎలా తెలుస్తుంది సార్?" డిజైన్ పాఠంలో నేను విన్న మంచి ప్రశ్నల్లో అదొకటి.

1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కూరూ నుంచి ఏరియన్ 5 రాకెట్ మొదటిసారి ఎగిరింది. సుమారు 40 సెకన్లలో దారి తప్పి ముక్కలైపోయింది. రాకెట్ ఎటు పోతోందో కనిపెట్టే పరికరంలోని సాఫ్ట్‌వేర్‌ని ఏరియన్ 4 నుంచి తెచ్చి వాడారు. అందులో అడ్డ వేగానికి సంబంధించిన ఒక 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ విలువని 16 బిట్ల సైన్డ్ ఇంటీజర్‌లోకి మార్చే చోటు ఉంది. అందులో 32,767 దాటితే పట్టదు. ఏరియన్ 4 ప్రయాణ మార్గంలో ఆ విలువ అంత పెద్దది కాదు కాబట్టి అక్కడ అదనపు తనిఖీ పెట్టలేదు. ఏరియన్ 5 మొదటి క్షణాల నుంచే వేరే దారిలో, ఎక్కువ అడ్డ వేగంతో వెళ్లింది. విలువ పట్టలేదు, పరికరం ఆగిపోయింది. పక్కనే స్పేర్‌గా ఉన్న రెండో పరికరంలోనూ అదే సాఫ్ట్‌వేర్, అది కూడా అప్పటికే ఆగిపోయింది. ఇంకో విషాదం ఏమిటంటే, ఆ లెక్క చేసే భాగం ఏరియన్ 5కి నేల వదిలాక అవసరమే లేదు.

మాడ్యూల్‌గా చూస్తే అది బాగానే రాసిన కోడ్. ఏరియన్ 4లో ఏళ్ల తరబడి పనిచేసింది. లోపల ఎలా చేస్తోందో దాచింది, అది సరే. ఏ పరిస్థితుల్లో చేయగలదో కూడా కనిపించకుండా పోయింది. ఆ అమ్మాయికి నేను చెప్పింది ఇదే: ఎలా చేస్తావో దాచు, ఏ షరతుల మీద చేస్తావో దాచకు. మెథడ్ పైన కామెంట్‌లో రాయి, మొదటి లైన్‌లో తనిఖీ చెయ్యి, టైపులో ఇరికించగలిగితే ఇంకా మంచిది. జాబితా ఖాళీగా ఉంటే ఏమవుతుంది, అంకె ఎంతవరకు ఉండొచ్చు, ఒకేసారి ఇద్దరు పిలిస్తే ఏమవుతుంది, ఇవన్నీ ఇంటర్‌ఫేస్‌లో భాగమే. మెథడ్ సిగ్నేచర్‌లో (పేరూ, పారామీటర్లూ ఉండే లైన్‌లో) కనిపించే పారామీటర్లు మాత్రమే ఇంటర్‌ఫేస్ అనుకోవడం దగ్గరే దెబ్బ తింటారు.

ప్యాటర్న్‌లు, గ్రూపులు, ఊహలు

డిజైన్ ప్యాటర్న్‌ల (మళ్లీ మళ్లీ ఎదురయ్యే డిజైన్ చిక్కులకి పేరున్న పరిష్కారాల) గురించి రెండు మాటలు చాలు. 1994లో నలుగురు రచయితలు 23 ప్యాటర్న్‌లకి పేర్లు పెట్టారు. వాటిని బట్టీ పట్టి "ఈ ప్రాజెక్టులో ఏది పెట్టాలి" అని వెతికేవాళ్లకి అవి భారం. ఒక్కోటీ ఏ నిర్ణయాన్ని దాస్తుందో చూస్తే సగం గుర్తుపెట్టుకోనక్కర్లేదు. స్ట్రాటెజీ, లెక్క ఏ పద్ధతిలో చేస్తామన్నది దాస్తుంది. అబ్జర్వర్, కబురు ఎవరెవరికి అందుతుందన్నది దాస్తుంది. ఫ్యాక్టరీ, ఏ క్లాస్ ఆబ్జెక్ట్ తయారైందన్నది దాస్తుంది. పీటర్ నార్విగ్ 1996లో చూపించినట్టు, లిస్ప్ లాంటి డైనమిక్ భాషల్లో ఆ 23లో 16 సులువైపోతాయి లేదా కనిపించకుండానే పోతాయి. ఫంక్షన్‌ని నేరుగా పారామీటర్‌గా పంపగలిగే చోట స్ట్రాటెజీ కోసం మూడు క్లాసులు రాయడం దండగ.

గ్రూప్ ప్రాజెక్టుల్లో ఇంకో విచిత్రం కనిపిస్తుంది. నలుగురున్న గ్రూప్ ఇచ్చే సాఫ్ట్‌వేర్‌లో సరిగ్గా నాలుగు భాగాలుంటాయి. ఏ నిర్ణయం ఎక్కడ ఉండాలని ఎవరూ ఆలోచించలేదు, పని ఎవరెవరు చేయాలో పంచుకున్నారు, అదే డిజైన్ అయి కూర్చుంది. లాగిన్ రాసినవాడికీ స్క్రీన్లు రాసినవాడికీ మాటల్లేకపోతే ఆ రెండు మాడ్యూళ్ల మధ్య కూడా ఉండవు. సంస్థలో మనుషులు మాట్లాడుకునే తీరే అది తయారుచేసే సిస్టమ్‌లో కనిపిస్తుందని మెల్విన్ కాన్వే 1968లోనే రాశారు. అందుకే పని పంచుకునే ముందే మారబోయే నిర్ణయాల జాబితా ఒకటి కాగితం మీద పెట్టమంటాను.

"రేపు ఏది మారుతుందో నాకేం తెలుసు సార్?" అన్నది దీనికి వెంటనే వచ్చే ప్రశ్న. న్యాయమైనదే. అన్నీ మారతాయని భయపడి ప్రతి క్లాస్‌కీ ఇంటర్‌ఫేస్, ప్రతి అంకెకీ సెట్టింగ్స్ ఫైల్, డేటాబేస్ మారితే అని ఒక పొర, భాష మారితే అని ఇంకో పొర కట్టుకున్న ప్రాజెక్టులు చూశాను. అందులో ఒక పుస్తకం పేరు స్క్రీన్ మీదికి రావడానికి ఏడు ఫైళ్లు దాటాలి. మారని వాటి కోసం కట్టిన గోడలు మారేవాటికి అడ్డం పడతాయి.

కొన్ని మాత్రం ఊహించొచ్చు. నియమాలూ గడువులూ జరిమానాలూ మారతాయి, ఎందుకంటే వాటిని నిర్ణయించేది ప్రోగ్రామర్ కాదు. బయటివాళ్ల సర్వీసులు మారతాయి. స్క్రీన్ మీద కనిపించేవి అన్నిటికంటే ఎక్కువసార్లు మారతాయి. మిగతావాటి విషయంలో మొదటిసారి నేరుగా రాయండి. మార్పు నిజంగా వచ్చినప్పుడు, దాన్ని చేసే ముందు, ఆ నిర్ణయాన్ని ఒక చోటికి చేర్చండి. ఆ పని చేశాక మార్పు చేయడం సులువవుతుంది, అలాంటి మార్పు రెండోసారి వస్తే ఇంకా సులువు.

ఊహ బదులు రుజువు కావాలంటే గిట్‌లో (కోడ్‌లో చేసిన మార్పుల చరిత్ర దాచే సాధనంలో) ఉంది. కనీసం కొన్ని వారాలు నడిచిన ప్రాజెక్టు తీసుకుని, గిట్ లాగ్‌ని ప్రతి కమిట్‌లో (ఒకసారి దాచిన మార్పుల కట్టలో) మారిన ఫైళ్ల పేర్లతో సహా చూడండి. ఎప్పుడూ జంటగా మారుతున్న ఫైళ్లు ఏవో గుర్తుపెట్టండి. ఒక క్లాసూ దాని టెస్ట్ ఫైలూ కలిసి మారుతుంటే కంగారు పడక్కర్లేదు, అవి మారాల్సిందే. జరిమానా లెక్కా నెలవారీ రిపోర్టూ ప్రతిసారీ కలిసి మారుతున్నాయంటే మాత్రం ఆ రెండు ఫైళ్లూ పక్కపక్కన తెరిచి, రెండిటికీ తెలిసిన సంగతి ఏమిటో వెతకండి. మా క్లాసులో చాలాసార్లు అది ఏదో ఒక అంకె, లేదంటే తేదీ రాసే పద్ధతి, లేదంటే డేటాబేస్ కాలమ్ పేరు.